తాయిఫ్ కొండల్లో కపిల మోత

దెయ్యాల కథలు ఎవరైనా చెబితే చివరిదాకా విని, తర్వాత వాళ్లను ఏడిపించే రకం నేను. సివిల్ ఇంజనీరును. కొలవనిదే దేన్నీ ఒప్పుకోను. అయినా ఇది చెప్పాల్సిందే.

సౌదీలో, తాయిఫ్ కొండల్లో ఒక పాత ఊరు. రాతి ఇళ్లు, కావలి బురుజులు, మెట్లు మెట్లుగా దానిమ్మ తోటలు. తాతల నాటి వరద ఊరి బావిని పూడ్చేసింది. అదెక్కడుండేదో చెప్పగలిగినవాళ్లు మిగల్లేదు. ట్యాంకరు నీళ్లే దిక్కయ్యాక ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. మిగిలిన నాలుగు కుటుంబాలు మాత్రం ఊరిని మళ్లీ నిలబెట్టాలని పట్టుబట్టాయి. ఇళ్లు బాగుచేసే పని మాది. నీళ్లు పడకపోతే పని ఆపేయమని ఆఫీసు మాట. ఎన్ని బోర్లు వేసినా దుమ్మే వచ్చింది.

సామాన్లు సర్దుకుంటున్న మధ్యాహ్నం, కిర్రుమని మోత వినపడింది. కాస్త ఆగి మళ్లీ కిర్రు. సర్దడం ఆపేశాను. అనంతపురంలో మా తాత ఎద్దులతో కపిల తోలేవాడు. నీళ్ల బాన పైకి వస్తుంటే గిలక చేసే చప్పుడే అది.

"మస్తానూ, వినపడ్తాందా?" అన్నాను.

మస్తాన్ మా డ్రైవరు, కడప మనిషి. "ఏముంది సార్ ఈడ, గాలి తప్ప? ఎండదెబ్బ తగిలింటాది, నీడకు రాండి."

చప్పుడు వెంటే నడిచి, కూలిన గట్టు దగ్గర ఆగాను. అప్పటికే అబూ సాలెం అక్కడున్నాడు. ఊళ్లో అందరికంటే పెద్దవాడు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆలకిస్తున్నాడు. ఆయనకు ఏళ్లుగా బొత్తిగా చెవుడు, మనవరాళ్లు కూడా సైగలతోనే మాట్లాడతారు. నన్ను చూసి, "హినా! హినా!" ఇక్కడే, ఇక్కడే అంటూ నేలను కాలితో తన్నాడు.

జేసీబీ రప్పించాను. మేనేజరు ఫోన్లో అరుస్తూనే ఉన్నాడు, అరవనిచ్చాను. పొద్దు వాలేలోగా బావి నోరు బయటపడింది. అంచు రాళ్ల మీద తాడు కోసిన గాట్లు. మర్నాడు పూడిక తీస్తుంటే ముందు తడి మట్టి, ఆ తర్వాత ఊట, చూస్తుండగానే మోకాలి లోతు నీళ్లు!

ఆడవాళ్లు అక్కడి ఆచారంగా నాలుకలాడిస్తూ సంబరంగా కేకలు పెట్టారు. మస్తాన్ టోపీ ఎగరేసి చిందులేశాడు. నేను బావురుమన్నాను, సంతోషంతో. అంత గొప్ప గెలుపు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు. పని ఆగలేదు. వెళ్లిపోయినవాళ్లు ఇప్పుడు ఒక్కొక్కరే సామాన్లతో తిరిగొస్తున్నారు.

బావి అడుగుదాకా వెతికాం. గిలక కాదు కదా, చెక్క పేడు కూడా దొరకలేదు. పక్కనే ఉన్న మస్తాన్‌కు వినపడనిది ఆ చెవిటాయనకు ఎలా వినపడింది? నాకెలా వినపడింది?

తొలి గ్లాసు నీళ్లు అబూ సాలెం నా చేతికే ఇచ్చాడు. తన చెవి చూపించి, నువ్వూ విన్నావా అన్నట్టు కళ్లెగరేశాడు. తలూపాను. ఊరంతా చూస్తుండగా నన్ను అమాంతం వాటేసుకున్నాడు.