అశ్వత్థప్ప వదిలేసిన తొమ్మిది నిమిషాలు

హోసూరులో మా అశ్వత్థప్ప ఒక ఆదివారం ఇరవై మూడు పెళ్ళిళ్ళు, పదకొండు నామకరణాలు, రెండు గృహప్రవేశాలు, ఒక ఏనుగు చొక్కా జేబులో వేసుకుని కెలవరపల్లి ఆనకట్ట మీద షికారు చేశాడు. నేను పక్కనే నడిచాను. జేబు ఉబ్బలేదు కూడా.

సరే, ఏనుగు సంగతి కొంచెం సర్దుకుంటాను. పూర్తి ఏనుగు కాదు. ఎవరిదో ఊరేగింపులో కెమెరా పట్టినవాడు తొండం వరకే తీశాడు. పెళ్ళిళ్ళు కూడా పంతొమ్మిదే అని అశ్వత్థప్ప అంటాడు. చిటికెనవేలంత పెన్‌డ్రైవులో అవన్నీ ఉన్న మాట మాత్రం నిజం. అబద్ధం చెబితే సాయంత్రానికి నాలుక నల్లబడుతుందని కాన్వెంటులో సిస్టర్లు మమ్మల్ని బెదిరించేవారు. అరవై ఏళ్ళుగా అద్దంలో చూసుకుంటున్నాను, ఇంకా ఎర్రగానే ఉంది.

అశ్వత్థప్ప నాకు వరసకు తమ్ముడు. మా ఇద్దరి ఊరూ అత్తిముగమే, ఇళ్ళు మాత్రం హోసూరులో. సిప్‌కాట్ పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇనుప సామాన్లు కొలిచి, మంచివి ఇటు, పనికిరానివి అటు వేసే ఉద్యోగం చేశాడు. రోజంతా నిలబడి చేసే పని. రిటైరయ్యాక అతన్ని ఒక చోట కూర్చోబెట్టడం భార్య మంజులమ్మ వల్ల కూడా కాలేదు. గేటు దాకా పోతాడు, వస్తాడు. కుళాయి కట్టేస్తాడు, తిప్పుతాడు, మళ్ళీ కట్టేస్తాడు. చూసి చూసి కొడుకు నరేష్ తన పాత కంప్యూటర్ తెచ్చి ముందు గదిలో పెట్టాడు. ఇంట్లో మూలుగుతున్న డీవీడీలను ఫోనులో ఆడే ఫైళ్ళుగా మార్చడం నేర్పించాడు.

తండ్రి కుదురుగా కూర్చుంటాడని వాడి ఆశ. జరిగింది వేరు.

డీవీడీ చేతికి రాగానే అశ్వత్థప్ప దాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి గీతలు చూస్తాడు. పాత పంచె గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడుస్తాడు. గుండ్రంగా తుడిచేవాళ్ళంటే అతనికి పట్టరాని కోపం. తర్వాత కంప్యూటర్‌లో పెడతాడు. అది గ్రైండరు తిరిగినట్టు గుర్రుమంటుంది. నాలుగు జీబీల పెళ్ళిని ఏడువందల ఎంబీలకు అణచాలి, ముహూర్తంలో పెళ్ళికూతురి ముక్కు మాత్రం అణగకూడదు. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి, రెండు, మూడు శాతం అని పాకుతూ ఉంటే అశ్వత్థప్ప కాళ్ళు ఆగవు. పదకొండు శాతానికి గేటు. ఇరవైకి మిద్దె. నలభైకి వీధి చివరి టీ కొట్టు. తిరిగొచ్చేసరికి నలభై రెండు. ఒక పెళ్ళి పూర్తయ్యేలోపు కృష్ణగిరి దాకా నడిచాడని నేనంటే, మంజులమ్మ లెక్కవేసి సగం దారిలోని శూలగిరి దాకా అయ్యుంటుందని సవరించింది.

హోసూరు నుంచి కుందారపల్లి దాకా ఉన్న చుట్టాలంతా డీవీడీలు తెచ్చి ఇచ్చారు. ఎవరి ఇంట్లోనూ ప్లేయర్లు లేవు కాబట్టి ఫైలు అందాక డిస్కును ఎవరూ తిరిగి అడగలేదు. అరవైకి పైగా పేరుకుపోయాయి. అత్తిముగంలో ఉన్న చిన్నాన్న కొడుకు మునిరాజ్ ఒకరోజు వచ్చి, జామతోటలో చిలకల్ని బెదరగొట్టడానికి కావాలని మూట కట్టుకుని పోయాడు. ఎండలో డిస్కు తిరుగుతూ తళుక్కుమంటే చిలక దగ్గరికి రాదు. మా వైపు రైతులందరూ చేసే పనే అది.

ఇక అసలు తప్పు చెబుతాను. స్టూడియో వాళ్ళు డీవీడీలో పెళ్ళితో పాటు గులాబీలు ఎగిరే బొమ్మలూ, వాళ్ళ ప్రకటనలూ చిన్న చిన్న ముక్కలుగా వేరే పెట్టేవారు. అవన్నీ ఫైళ్ళుగా వచ్చి పడుతుంటే అశ్వత్థప్పకు చిరాకు. అన్నిటికన్నా పొడుగైన భాగం మాత్రం తీసుకుని మిగిలినవి వదిలేయమనే ఒక గడి కనబడింది. అక్కడ టిక్కు పెట్టాడు. ఫ్యాక్టరీలో మంచిది ఇటు, పనికిరానిది అటు వేసినట్టే అనుకున్నాడు. ఆ టిక్కు మళ్ళీ తీయలేదు.

మా వంశంలో పన్నెండేళ్ళకొకసారి దీపాల పూజ ఉంది. బియ్యప్పిండి, బెల్లం కలిపి తంబిట్టు ముద్దలు చేసి, వాటిలో నేతి దీపాలు వెలిగించి, ఆడవాళ్ళు తలమీద పెట్టుకుని అమ్మవారి గుడికి నడుస్తారు. ఇంటి పెద్దకోడలు దీపం ఎత్తుకుని పాట ఎత్తుకుంటేనే మిగతావాళ్ళ దీపాలు లేస్తాయి. పోయినసారి ఆ పని అశ్వత్థప్ప తల్లి వెంకటమ్మ చేసింది. ఇప్పుడామె లేదు. ఈసారి వంతు మంజులమ్మది. పూజ శుక్రవారం. ఆ పాట ఎక్కడా రాసిపెట్టలేదు. పోయినసారి పూజను తీసిన డీవీడీలో ఉండాలి, అంతే.

బుధవారం పొద్దున మంజులమ్మ పిండి జల్లెడ పక్కన పెట్టి ముందు గదిలోకి వచ్చింది.

"ఇదిగో, ఆ పూజ డీవీడీ కంప్యూటర్లో ఏసినారు కదా? అత్త పాట ఎట్ల ఎత్తుకున్నిందో చూపీండి."

అశ్వత్థప్ప ఫైలు తెరిచాడు. రెండు గంటల వీడియో. సాంబారు వడ్డిస్తున్నారు. ఎవరో మాట్లాడుతున్నారు. చుట్టాలు వరసగా కెమెరా వైపు చూస్తున్నారు. ముందుకు జరిపాడు, మళ్ళీ సాంబారే. దీపాలు లేవు. స్టూడియో వాడు గుడిదారిలో ఇంకో కెమెరాతో తీసిన తొమ్మిది నిమిషాలను విడి ముక్కగా పెట్టాడని అప్పుడు గుర్తొచ్చింది. పొడుగైనది వచ్చింది. పొట్టిది టిక్కు కింద పోయింది. డిస్కేమో మునిరాజ్ మూటలో పోయింది.

"డబ్బా కాగిపోయి ఉండాది. సాయంత్రం చూద్దాం," అన్నాడు.

"ఇప్పుడే కదా ఆన్ చేసినారు?"

"కొన్ని అట్లనే కాగుతాయి."

ఐదు నిమిషాల్లో మా ఇంట్లో ఉన్నాడు. చెప్పులు విడవలేదు.

"అన్నా, లేయండి. బండి స్టార్ట్‌లోనే పెట్టినాను."

"కూర్చోప్పా, కాఫీ తాగు."

"కూర్చునే పని లేదన్నా. మా అమ్మ పాట చిలకల దగ్గర ఉండాది."

ఇలాంటి మాట వినీ ఇంట్లో కూర్చునే మనిషిని కాను. మోపెడ్ వెనక ఎక్కాను. దారిలో ఏ తోటలో ఏది మెరిసినా బ్రేకు వేసేవాడు. ఒక చోట టమాటా రైతు పళ్ళెం కడుక్కుంటుంటే కూడా ఆగాడు.

"అది పళ్ళెమప్పా."

"చూస్తే తప్పేముండాదన్నా?" అని మళ్ళీ తోలాడు.

మునిరాజ్ తోటలో వెయ్యి డిస్కులు వేలాడుతున్నాయి. మా మూటలోవీ, తను వేరేచోట్ల ఏరినవీ కలిపి నూట నలభై అని మునిరాజ్ అంటాడు, అతని తోట కాబట్టి అతని మాటే ఉంచుదాం. పైన స్కెచ్ పెన్నుతో రాసిన పేర్లు ఎండకు పోయాయి. ఏది పెళ్ళో ఏది పుట్టినరోజో తెలియదు. గాలికి అన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి, కళ్ళు జిగేల్‌మంటున్నాయి.

"పేరు లేకుంటే ఎట్ల కనుక్కుంటావు?" అన్నాను.

"దాని మీద నెలవంక మాదిరి ఒక గీత ఉండాది. తుడిచేటప్పుడు చూసినాను." ముప్పై ఒక్క ఏళ్ళు గీతలు చూసి జీతం తీసుకున్న కన్ను అది.

మునిరాజ్ పరుగున వచ్చాడు. "అన్నా, దారాలు ఇప్పొద్దండి. శనివారం కాయలు కోస్తాండాము. ఇప్పుడు ఇవి ఆగిపోతే చిలకలు బంతి భోజనానికి కూర్చుంటాయి."

"ఇప్పనప్పా, పట్టుకుని చూస్తాను."

"పట్టుకుంటే తిరగవు కదన్నా? చిలకల్ని ఎవురు తోలేది?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తువ్వాలు తిప్పుతూ అరిచాను. నా అరుపుకు చిలకలన్నీ కర్ణాటకలోకి పోయాయి. కర్ణాటక కాకపోతే పక్క తోటలోకి. మునిరాజ్ మెచ్చుకుని, కోత అయ్యేదాకా ఉండిపొమ్మన్నాడు.

అశ్వత్థప్ప చెట్టు చెట్టుకూ తిరిగాడు. పట్టుకోవడం, ఏటవాలుగా తిప్పడం, వదిలేయడం. కొంతసేపటికి ఒక చోట ఆగాడు.

"మునిరాజ్, ఈ బొక్కేమి?"

"మధ్యలో కడితే సరిగా తిరగదన్నా. కాల్చిన మేకుతో అంచులో బొక్క వేసినాను, అన్నిటికీ."

అశ్వత్థప్ప ఆ బొక్కను వేలితో తడిమి చూశాడు. అయినా వెతకడం ఆపలేదు. రెండు గంటల తర్వాత చివరి వరసలో, బావి పక్క చెట్టుకు నెలవంక దొరికింది. దాన్ని ఎండకు ఎత్తి చాలాసేపు చూశాడు. రాసిన భాగం ఒక రంగులోనూ, ఖాళీ భాగం ఇంకో రంగులోనూ కనిపిస్తుంది. డిస్కు మీద వీడియో లోపలి నుంచి అంచు వైపు రాసుకుంటూ పోతుంది కాబట్టి పొట్టి ముక్క చివరలో ఉంటుంది.

"రాసింది ఈడ దాకా," అని గోటితో చూపించాడు. "బొక్క ఆడ ఉండాది." మధ్యలో గోరు మందం సందు.

ఇంటికి చేరేసరికి మంజులమ్మ వంటింట్లో బెల్లం దంచుతోంది. దొంగల్లా ముందు గదిలోకి దూరాం. టిక్కు తీసేశాడు. డిస్కు పెట్టాడు. కంప్యూటర్ గుర్రుమని, ఉమ్మేసింది. పంచె గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఉమ్మేసింది. మూడోసారి పట్టుకుంది. ఒక శాతం. రెండు. అశ్వత్థప్ప గేటు దాకా పోయొచ్చాడు. పదహారు. మిద్దె ఎక్కి దిగాడు. అరవై రెండు దగ్గర గీత ఆగిపోయింది. ఇక ఎక్కడికీ పోలేక గదిలోనే గోడకూ గోడకూ మధ్య తిరగడం మొదలుపెట్టాడు. దంచుడు ఆగిన సంగతి మేము గమనించలేదు.

"ఆ చొక్కా మీద తెల్లగా అదేమి?" గుమ్మంలో మంజులమ్మ.

"సున్నం."

"సున్నంలో జామగింజలు ఉంటాయా? అది పిట్ట రెట్ట." నా వైపు తిరిగింది. "బావా, మీరన్నా చెప్పండి."

నేను ఒక మంచి కథ మొదలుపెట్టబోయాను. అశ్వత్థప్ప నన్ను ఆపి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. టిక్కు, మూట, తోట, మేకు, అన్నీ.

"అత్త పాటను చిలకలకు కట్టినారా?" అంది ఆమె. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఎల్లుండి ముప్పై మంది ఆడోళ్ళు దీపాలు పట్టుకోని నా నోరు చూస్తా నిలబడతారు. నేనేమి పాడాల? మొదటి రెండు వరసలు తప్ప నాకేమీ తెలీదు. అత్త ఉన్నన్నాళ్ళూ నేను అడిగింది లేదు."

అశ్వత్థప్ప ఆయుష్షులో మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. అరవై రెండు. అరవై రెండు. పెట్టెలో కంకర వేసి ఊపినట్టు చప్పుడు. నేను గడియారం చూశాను, పద్నాలుగు నిమిషాలు. అప్పుడు గీత కదిలింది. అరవై మూడు అని, ఒక్క దూకులో వంద అయింది. తొమ్మిది నిమిషాల్లో ఆరే వచ్చాయి.

తెర నిండా చదరాలు చదరాలుగా గుడిదారి కనిపించింది. వెంకటమ్మ దీపం తలమీద పెట్టుకుని నిలబడింది. బొంగురు గొంతుతో ఒక వరస పాడింది, రెండో వరస పాడింది. ఆగింది. నోరు మూసుకుంది. ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. వెనక నుంచి ఎవరో చురుగ్గా మూడో వరస అందించారు. వెంకటమ్మ అందుకుంది. నాలుగో వరస దగ్గర మళ్ళీ ఆగింది. మళ్ళీ ఆ గొంతే అందించింది. బొమ్మ ఒక దీపం మీద బిగుసుకుపోయింది కానీ పాట వినబడుతూనే ఉంది. వెనక గొంతు ఒక వరస ముందు, వెంకటమ్మ ఒక వరస వెనక.

"ఎవురది? మా అమ్మకు చెప్పిచ్చేది?" అన్నాడు అశ్వత్థప్ప.

మంజులమ్మ తెరకు దగ్గరగా వంగింది. చేతులకు అంటుకున్న బెల్లం సంగతి మరిచి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే," అంది. "నా ముందర అత్త దీపం ఆరిపోకుండా చూసుకున్నిందే జ్ఞాపకం. నోరు పాడతా ఉన్నిందని నాకే తెలీలేదు."

"ఇంకోసారి పెడతాను. మిగతా మూడు నిమిషాలూ లాగుతాను."

"వద్దు. అది మొదటికి జరపండి."

మొదటికి జరిపాడు. ఈసారి వెంకటమ్మ రెండో వరస దగ్గర ఆగేలోపే మంజులమ్మ మూడో వరస ఎత్తుకుంది. నాలుగు, అయిదు, ఆరు. వీడియో ఆగిపోయిన తర్వాత కూడా పాడుతూనే ఉంది. పాడుతూ వంటింట్లోకి పోయింది. బెల్లం దంచుడు మళ్ళీ మొదలైంది, పాట తాళానికి.

శుక్రవారం మొదటి దీపం ఆమె తలమీద లేచింది. పాట ఎక్కడా ఆగలేదు. అశ్వత్థప్ప ఫోను పట్టుకుని వెనక్కి నడుస్తూ మొత్తం ఒకే ముక్కగా తీశాడు, రెండుసార్లు గుంటలో పడ్డాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం అత్తిముగం పోయి పది డిస్కులు దింపుకొస్తున్నాడు. ఎవరెవరి పొట్టి ముక్కలు అక్కడ ఎండుతున్నాయో అతనికీ తెలియదు. ఆ ఇళ్ళవాళ్ళకు ఇంకా చెప్పలేదు.

ఇదంతా రాసి నిన్న అతనికి చదివి వినిపించాను. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే విన్నాడు. అయ్యాక నా ముందు వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఇదంతా అబద్ధమని కింద రాయండి. నేను ఎవురి డిస్కూ ఎవురికీ ఇయ్యలేదు. మునిరాజ్‌కు జామతోటే లేదు. ఆ బుధవారం నేను ఇల్లు దాటలేదు. ఇంగ, మా అమ్మ ఆ పాట యాడా మరిచిపోలేదు."