స్టెనో వెంకటరత్నం అన్న ఒక్క ‘ఎస్ సార్’

వెంకటరత్నం అన్నం చేత్తో తినడు, స్పూనుతో తింటాడు. నందిగామలో అతని ఇంటి చుట్టుపక్కలవాళ్లు దీన్ని ఫారిన్ అలవాటు అనుకుంటారు. ముప్పై ఏళ్లు విదేశాల్లో మన రాయబార కార్యాలయాల్లో స్టెనోగా చేసి వచ్చినవాడు, ఆ మాత్రం దొరతనం లేకపోతే ఎలా అని వెనకాల నవ్వుకుంటారు కూడా. అసలు సంగతి వేరు. ముద్ద కలుపుదామని కంచంలో పెడితే ఆ చెయ్యి అతనికి తనదిగా కనబడదు. నీలం డ్రమ్ములో మోచేతి దాకా ముంచి పత్తిమందు కలుపుతున్న బావ చెయ్యి కనబడుతుంది.

బావ పేరు సుబ్బరాయుడు, చెల్లెలు ప్రమీలారాణి భర్త. వత్సవాయిలో పత్తి వేసేవాడు. ఎనిమిదేళ్ల కిందట ఒక పగలంతా చేలో పురుగుమందు కొట్టి ఇంటికొచ్చాడు, తెల్లారేసరికి ప్రాణం పోయింది. అప్పటినుంచి వెంకటరత్నాన్ని ఒకే ప్రశ్న పట్టుకుంది: ఆ రోజు బావ చేతికి గ్లౌజులున్నాయా, లేవా? ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఈ కథకు మూలం తేజ్‌పాల్ ఖోస్లా అనే రాయబారి. మహా మాటకారి. ఏ దేశంలో వేసినా నెల తిరక్కుండా అక్కడి మంత్రుల ఇళ్లలో భోంచేసేవాడు. నందిగామ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న వేళ్లతో తప్పు లేకుండా కొట్టే వెంకటరత్నాన్ని మూడు దేశాలకు వెంట తిప్పుకున్నాడు. అతని విందులకు కంపెనీల తరఫున పనులు నడిపించేవాళ్లు వరసగా వచ్చేవాళ్లు. అక్కడ వాళ్లని గౌరవంగా లాబీయిస్టులంటారు. మన దగ్గర వాళ్లకి వేరే పేరుంది, రాయడం మర్యాద కాదు.

ఒక ఏడాది, పత్తికి కొట్టే ఓ మందును నిషేధించాలా వద్దా అని చాలా దేశాలు కూర్చుని తేల్చబోతున్నాయి. వద్దంటూ ఖోస్లా రాయాల్సిన ఉత్తరాన్ని ఆ మందు కంపెనీవాళ్లే తయారుచేసి తెచ్చారు. దాన్ని మన లెటర్‌హెడ్ మీదకి ఎక్కించాలి. ఖోస్లా చదువుతూ ఒకచోట ఆగాడు. రైతులు గ్లౌజులు, మాస్కులు వేసుకునే మందు కలుపుతారని ఉంది అక్కడ.

“రత్నం, మీది పత్తి పండే ప్రాంతమే కదా. మీవాళ్లు గ్లౌజులు వేసుకునే కలుపుతారా?”

సూట్లు వేసుకున్న ఇద్దరు కంపెనీ మనుషులు ఇతనివైపు తిరిగారు. మావాళ్లు వట్టి చేత్తోనే కలియబెడతారు సార్, ఆ చేతులే లుంగీకి తుడుచుకుని బీడీ ముట్టిస్తారు అన్న మాట గొంతు దాకా వచ్చింది. పరాయివాళ్ల ముందు మనవాళ్లని మొరటుమనుషులుగా చూపించడానికి సిగ్గేసింది. పరువు అడ్డమొచ్చింది. “ఎస్ సార్” అన్నాడు.

ఖోస్లాకి ముచ్చటేసింది. అప్పటికప్పుడు ఇంకో వాక్యం చెప్పాడు: ‘ఆ ప్రాంతపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మా ఉద్యోగే ఈ సంగతిని ధ్రువీకరిస్తున్నారు.’ వెంకటరత్నం దాన్ని షార్ట్‌హ్యాండ్‌లో తీసుకుని, ఒక్క తప్పు లేకుండా టైపు చేశాడు. ఆ ఏడు నిషేధం ఆగిపోయింది. ఒక్క ఉత్తరంతోనే ఆగిందని కాదు, కానీ తన మాట అందులో ఉంది.

ఆ వారమే బజారుకెళ్లి మోచేతుల దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజుల జత కొని బావకి పార్సిలు కట్టాడు. లోపల పెట్టడానికి నాలుగు ముక్కలు రాయబోయి మూడుసార్లు చించేశాడు. ఎందుకు పంపుతున్నాడో రాస్తే, ఏం చేశాడో కూడా రాయాలి. చివరికి ఉత్తరం లేకుండానే పంపాడు. ఫోన్లో అడిగితే, “చేరినయ్ బావా, బ్రహ్మాండంగా ఉన్నయ్” అన్నాడు సుబ్బరాయుడు. ఆ మాట పట్టుకుని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. అయిదేళ్ల తర్వాత చావు కబురు వచ్చింది.

రిటైరయ్యాక ఖోస్లా అదే కంపెనీకి సలహాదారుగా చేరాడు. ఈమధ్య ఆ ఉత్తరంతో సహా పాత కాగితాలు బయటపడి టీవీలన్నీ అతని పేరే జపిస్తున్నాయి. సుబ్బరాయుడి కూతురు లహరి జగ్గయ్యపేట కోర్టులో లాయరు. పత్తికి మందు కొట్టి చనిపోయినవాళ్ల కుటుంబాల తరఫున కేసు నడుపుతోంది. ఆదివారం వత్సవాయి రమ్మని మేనమామకి ఫోన్ చేసింది.

బస్సులో జగ్గయ్యపేట దాకా, అక్కణ్ణించి ఆటోలో. దారిపొడుగునా పత్తిచేలే. మధ్యలో ఎక్కడ డ్రమ్ము కనబడినా వెంకటరత్నం కళ్లు తిప్పుకున్నాడు. మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. లహరి ఆనాటి ఉత్తరం నకలు చేతికిచ్చింది. ప్రమీలారాణి గుమ్మం పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

“ఇది ఆ ఖోస్లా లెటరేనా మామయ్యా?”

“ఆయనదే. నేనే టైపు చేశా.”

“మరి ఇక్కడ మా ఉద్యోగి అని రాశాడే, వాడెవడు? వాడు దొరికితే కేసు మనవైపు తిరుగుద్ది.”

తెలియదంటే సరిపోతుంది. ఆ ఆఫీసులో పత్తి ప్రాంతంవాడు తనొక్కడేనని ఇక్కడ ఎవరికీ తెలియదు. వెంకటరత్నం చెల్లెలి వైపు చూశాడు.

“నేనేనమ్మా. గ్లౌజులు వేసుకుంటారా అనడిగితే అవునన్నా. సిగ్గేసి అన్నా. రాసుకో, కోర్టులో కూడా చెబుతా.”

లహరి ఏమీ రాసుకోలేదు. వెంకటరత్నానికి మాత్రం గుండె మీది బరువు కాస్త దిగినట్టనిపించింది. దాచుకున్నది చెప్పేశాడు, ఇక తిట్టినా పడొచ్చు అనుకున్నాడు.

ప్రమీలారాణి తిట్టలేదు. చిక్కుళ్ల చేట పక్కన పెట్టి లోపలికెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి అన్న ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టింది. లోపల గ్లౌజులు, కొన్నప్పటి మడత మడతగానే ఉన్నాయి.

“ఫారిన్‌వి గదా, మందు తగిలితే పాడైపోతయ్యని దాచుకున్నాడు మీ బావ. చుట్టాలొస్తే తీసి చూపించేవాడు. ఎందుకు పంపావో ఒక్క ముక్క రాస్తే వేసుకునేవాడన్నయ్యా. నీ మాటంటే ఆయనకంత గురి.”

వెంకటరత్నం కవరు మీద చెయ్యి పెట్టాడు. ఎక్కడా దుమ్ము లేదు. ఈ ఎనిమిదేళ్లూ చెల్లెలు తుడుస్తూనే ఉంది.