ఎర్రరంగుతో రాసిన ప్రధాన సంఖ్య

గోడ మీద ఎర్రరంగు కనిపిస్తే నక్సలైట్ల రాతేనని ముందు జీపు, ఆ తర్వాతే ప్రశ్నలు వచ్చే కాలం అది. ఆ సంగతి మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. జగిత్యాలలో డిగ్రీ గణితం చదువుతున్న నాకే తెలియలేదు. 2147483647 ప్రధాన సంఖ్య అనీ, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగం పోదనీ, చేత్తో తేల్చాలంటే నలభై ఆరు వేలు దాటేదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలనీ మా లెక్చరర్ చెప్పిన నాటి నుంచి నాకు తిండి సహించలేదు. (అది ఎప్పుడో తేలిపోయిన విషయమని కూడా ఆయన చెప్పారు. నేను తేల్చలేదు కదా అన్నదే నా బాధ.)

సెలవులకు సిరిసిల్ల పక్కన అక్క ఇంటికి వెళ్లాను. బావ నూలుకు రంగులద్దేవాడు. ఆయన ఎర్రరంగు బకెట్లోనే కుంచె ముంచి, అరుగు మీది గోడకు ఆ పది అంకెలూ మూరెడేసి ఎత్తున రాశాను. లెక్క చేసేటప్పుడు కళ్లెదుట ఉంటుందని అక్కతో చెప్పాను. దారిన పోయేవాళ్లు అదేమిటని అడగాలన్నది అసలు ఆశ.

అడిగారు. మధ్యాహ్నం జీపు దిగిన ఎస్సై, "గిదేంది? ఎవలు రాసిన్రు? అన్నల లెక్కనా?" అన్నాడు. బావ మోచేతుల దాకా ఎర్రరంగుతో బయటికి వచ్చాడు. ఆ చేతులు చూశాక ఎస్సైకి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. నేను తలుపు వెనక ఉన్నాను. బావ నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెంపదెబ్బ చప్పుడు మాత్రం వినిపించింది. జీపు ఆయన్ను ఎక్కించుకుపోయాక అక్క నా చొక్కా పట్టుకుంది. "ఆయన ఇంటికి రాకపోతే నువ్వు గూడ రాకు తమ్మీ. పోయి చెప్పు."

పోయి చెప్పాను. "నేనే రాసిన సార్. అది దేనితోని పోదు."

"పోదని నువ్వంటే అయిపాయెనా? చేసి సూపెట్టు," అని ఎస్సై సుద్దముక్క ఇచ్చి ఠాణా నేల చూపించాడు. బావ ఓ మూల చెవి పట్టుకుని కూర్చున్నాడు. మూడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. ఏడుతో ఒకటి, పదకొండుతో ఒకటి. "ఇంకెన్నున్నయ్‌రా?" "వేలల్ల ఉన్నయి సార్." నా రుజువు పూర్తయ్యేలోపు బావ అక్కడే ముసలివాడైపోతాడని ఏ లెక్కా చేయకుండానే తెలిసింది. పదిహేడు దగ్గర ఎక్కడో తప్పాను. శేషం సున్నా వచ్చింది. జన్మలో అంత గుండ్రటి సున్నా చూడలేదు.

"పోయింది గదరా!" అన్నాడు ఎస్సై. నేను నేల మీదే కూలబడి ఏడ్చాను.

పక్కనున్న కానిస్టేబుల్ ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు. "సార్, గీ పోరడు అన్నలల్ల కలిస్తే తూటాలు గూడ తప్పు లెక్కవెడ్తడు."

"తీస్కపో మీ బావను. గోడకు సున్నం కొట్టు," అన్నాడు ఎస్సై.

దారిలో బావ అడిగాడు, "బామ్మర్దీ, ఇంతకు అది పోతదా, పోదా?"

"పోదు బావా. నేనే తప్పు చేసిన."

"ఏందీ?"

మళ్లీ చెప్పాను. మళ్లీ "ఏందీ?" అన్నాడు. అప్పుడు ఆయన కుడివైపు నుంచి ఎడమవైపుకు మారి చెప్పాను.

తర్వాత కోరుట్లలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పదిహేడుతో భాగిస్తే ఎనిమిది మిగులుతుందని ఇప్పుడు నిద్రలో లేపినా చెప్తాను. అక్క ఇంటికి వెళ్తే ఈనాటికీ బావకు ఎడమ పక్కనే కూర్చుంటాను. "ఇంక లెక్కలు చేస్తున్నవా బామ్మర్దీ?" అని ఆయన నవ్వుతాడు. తలుపు వెనక నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నేనూ నవ్వుతాను, కాస్త ఆలస్యంగా.