టీవీలో దొరికిన కుక్క

వీధి మొత్తానికీ మావయ్య అయిన ఆ దర్జీకి కుక్కలంటే ఎప్పుడూ పెద్ద ఇష్టం లేదు. ఒక చెవి వాలిపోయిన ఆ గోధుమరంగు కుక్కను ఇంటికి తెచ్చింది ఆయన భార్య. చిన్నోడు అని ముద్దుగా పిలుచుకుంది. ఆవిడ పోయాక, ఆ ఇంట్లో ఆయన కాక ఆవిడను ఎరిగిన ప్రాణం అదొక్కటే మిగిలింది. మావయ్య దానికి కుట్టుమిషను కింద చోటిచ్చాడు. అడిగితే తప్ప నోరు విప్పని మనిషి, దానితో మాత్రం రోజంతా ముచ్చట్లే. ఏ చొక్కాకు ఎవరి పొట్ట అడ్డొస్తోందో కూడా దానికే చెప్పేవాడు.

ఓ ఉరుముల వానకు బెదిరి చిన్నోడు ఎటో పోయాడు. మావయ్య కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగాడు. ఎదురుగా ఉన్న మందుల షాపావిడ జాలిపడి టీవీ చానల్‌కు ఫోన్ చేసింది. తీరా వాళ్ళు వచ్చేసరికి కుక్క తనంతట తానే ఇల్లు చేరి, మిషను కింద గుర్రు పెడుతోంది.

"అయ్యో, వచ్చేసిందా?" అంది రిపోర్టరమ్మాయి. సంతోషించిందో నొచ్చుకుందో ఆ పిల్లకే తెలియాలి. "బాబాయ్, మేం దీన్ని వీధి చివర వదుల్తాం. మీరు గుమ్మంలోంచి పిలవండి. వార్తలయ్యాక జనం కాస్త నవ్వుకుని పడుకోవాలి కదా!"

చెడ్డపిల్లేం కాదు. ప్రమాదాలూ మంటలూ అయిపోయాక, చివర్లో ఒక్క మంచి కబురు పెట్టడం ఆమె పని. మావయ్య పిలిచాడు. చిన్నోడు పరుగెత్తుకొచ్చాడు. అందరి కళ్ళూ చెమర్చాయి.

"సూపర్ బాబాయ్! ఇంకొక్కసారి, ఇటు పక్కనుంచి."

ఈసారి లైటు మొహాన పడేసరికి కుక్క హడలిపోయి, వాళ్ళు పట్టుకున్న తాడు విదిలించుకుని సందులోకి దూరింది. చీకటి పడేదాకా అందరూ వెతికారు, ఫలితం లేదు. బులెటిన్ మాత్రం ఎవరికోసమూ ఆగదు. మొదటి పరుగు ఆ రాత్రే టీవీలో వచ్చేసింది.

తెల్లవారినప్పటి నుంచి మావయ్యకు అభినందనలే అభినందనలు. "మా కుక్క కనబడిందా?" అని అడిగితే, "దొరికిందిగా! చూసి మా ఆవిడ ఏడ్చేసింది కూడానూ" అని భుజం తట్టేవారు. కాదు, మళ్ళీ తప్పిపోయిందంటే హాస్యమాడుతున్నాడనుకునేవారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు తయారైంది టీవీ వ్యవహారం. రిపోర్టరమ్మాయికి ఫోన్ చేస్తే, "మళ్ళీ తప్పిపోయిందని చెబుదామని పైవాళ్ళని అడిగాను బాబాయ్. ఆ చివరి వార్తలో ఏడుపు వద్దంటున్నారు" అంటూ తనే ఏడ్చింది. పాపం, ఆ పిల్లను తిట్టడానికి ఆయనకు నోరు రాలేదు. మిషను కింద ఖాళీని చూడలేక కొట్టు మూసేసి మళ్ళీ వెతకడం మొదలుపెట్టాడు.

చివరకు మార్కెట్ వెనక ఓ ఇంటి మెట్ల మీద ఆ వాలిన చెవి కనబడింది. మెడకు కొత్త పట్టీ ఉంది.

"ఒరే చిన్నోడా!"

కుక్క ఒక్క ఉదుటున వచ్చి ఆయన కాళ్ళ మధ్య తల దూర్చింది. ఇంటావిడ కంగారుగా బయటికొచ్చింది.

"మీది దొరికిందిగా, మేం టీవీలో చూశాం! ఇదీ అచ్చం అలాగే ఉందే అనుకుని పెంచుకుంటున్నామండీ. మీదని తెలిస్తే మేమే తెచ్చిచ్చేవాళ్ళం కదా!"

మావయ్య మెట్ల మీద కూలబడి, కుక్క వీపు నిమురుతూ జరిగిందంతా చెప్పాడు. వింటూ వింటూ ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పోన్లెండి, ఇప్పుడు నిజంగా దొరికింది. టీవీవాళ్ళకి ఫోన్ చేద్దామా?"

మావయ్య గభాలున కుక్కను చంకనెత్తుకున్నాడు.

"వద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది. చెబితే మళ్ళీ వస్తారు."