నడుమ స్తంభం లేని గిడ్డంగి

మా ముత్తాత పెద్దపంజాణి వైపు ఆరు ఊళ్లకు పెద్ద. మా తాత చావడిలో కూర్చుంటే తగవు తీరేదాకా ఎవరూ కదిలేవారు కాదు. ఆ ఇంట పుట్టినవాణ్ణి, బస్సులో పక్కవాళ్లతో నాకై నేను మాట కలపను.

మదనపల్లెలో కుప్పం బస్సెక్కిన ఒకావిడే నన్ను పలకరించింది. పాత కట్టడాలు బాగుచేసే ఇంజనీరు. సముద్రం ఒడ్డున, తెరచాప ఓడల కాలంలో నౌకాదళం సరుకులు దాచుకున్న యార్డులో పనిచేస్తోందట.

“తెరచాపలు కట్టే నిలువు కొయ్యలు పెట్టే గిడ్డంగిలో నడుమ ఒక్క స్తంభం గూడా లేదప్పా.”

“యాల?”

“అంత పొడుగు కొయ్యను తిప్పేటప్పుడు స్తంభం అడ్డం రాదా? అందుకే ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకటే దూలం. సూడు, ఆ డ్రైవర్ కాడినుంచి మన సీటు దాకా!”

నేను లేచి నిలబడి ఆ దూరం చూశాను.

“యాడ దిగల్లప్పా?” అన్నాడు కండక్టర్.

“దిగేది లేదు. సూస్తాండాను.”

అలాంటి దూలం మా చావడికి ఒక్కటి ఉన్నందుకే మేము గొప్పవాళ్లం. అక్కడ అవి కప్పు పొడుగునా వరసగా ఉంటాయట.

“ఒకదాన్ని చెదలు తినేసిండాయి. అంత పొడుగుది యాడా దొరకలేదు. వానలొస్తే కప్పు నిలిచేట్టు లేదు,” అందామె.

టింబర్ డిపోవాళ్లు మా దూలాన్ని తలుపులకు కోసేస్తారని వాళ్లను ఏనాడూ గడప దాటనివ్వలేదు నేను. పుంగనూరు రాగానే నేనే ఆమె వైపు తిరిగాను.

“మా చావడిలో ఉండాది అంతది. కోయకుండా పెడతారా?”

“కోస్తే మాకెందుకప్పా?”

వానలకు ముందే చావడి కప్పు విప్పించి, ఆ దూలాన్ని యార్డుకు అమ్మాను.