నల్ల అట్టలో విమానం

కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఆ తొంభైల చివరి రోజుల్లో, విమానం నడపడం నేర్చుకుందామని బయల్దేరినవాడికి దేవుడు ముందుగా నేర్పేది ఓర్పు. నేనప్పుడు ఆత్మకూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. (పని అంటే ఉదయం కంప్యూటర్ల మీది గుడ్డలు తీయడం, సాయంత్రం మళ్ళీ కప్పడం, మధ్యలో నాకు నిన్న తెలిసినదాన్ని ఇవాళ పిల్లలకు పాఠంగా చెప్పడం.) మా సెంటర్ సారు ఒకసారి మద్రాసు వెళ్ళి, కంప్యూటర్‌లో పాతకాలపు విమానాలు నడిపే ఆట ఒకటి, దానితోపాటు ఇటుకంత లావున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చాడు. మా కంప్యూటర్ వేగానికి ఆ విమానం ఎగిరేది కాదు, ఫోటో తర్వాత ఫోటోగా జరిగేది. ఎలాగో నేల విడిచి నాలుగు చెట్ల ఎత్తు లేచిందనుకునేసరికి కరెంటు పోయేది. నేను ఏనాడూ ఒక్క విమానాన్నయినా కిందికి దించిన పాపాన పోలేదు. నా ప్రయాణికులు ఇప్పటికీ ఎక్కడో గాలిలోనే ఉండి ఉంటారు.

కరెంటు లేనప్పుడు ఆ పుస్తకం చదివేవాణ్ణి. చదవగా చదవగా, కరెంటు వచ్చినా లేవబుద్ధయ్యేది కాదు. రాసినాయన ఎవరో గానీ, ఈ మీట నొక్కు, ఆ చక్రం తిప్పు అని చెప్పి ఊరుకునే రకం కాదు. ఆ మీట అక్కడికి ఎందుకు వచ్చింది, అంతకుముందు అది లేక ఎవరు ఇబ్బందిపడ్డారు, ఈ విమానాన్ని మొదట చూసిన పైలట్లు దాన్ని ఏమని తిట్టుకున్నారు, ఆఖరికి దాన్ని వదిలివెళ్ళేటప్పుడు ఎందుకు వెనక్కి తిరిగి చూశారు, అన్నీ చెప్పేవాడు. రెండు ఇంజన్ల పాత సరుకుల విమానం గురించి ఆయన రాసిన అధ్యాయమైతే, మా ఇంట్లో ముసలి ఎద్దు గురించి మా నాయన మాట్లాడినట్టే ఉండేది. సారును బతిమాలి పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఊరు ఉదయగిరిలో అమ్మ బడి పంతులమ్మ, ఆదివారం సండే స్కూల్ టీచరు. లావుపాటి పుస్తకం ఏది కనిపించినా నల్ల రెగ్జిన్‌తో అట్ట కుట్టేస్తుంది. మా ఇంట్లో బైబిలుకూ, పాటల పుస్తకానికీ, నిఘంటువుకూ ఒకటే యూనిఫారం. విమానం పుస్తకానికీ అదే కుట్టింది. ఇక నాకేమో నచ్చిన వాక్యం కనబడితే ఎర్ర పెన్సిలుతో గీత గీయకుండా చదవడం చేతకాదు. (చిన్నప్పటినుంచీ బైబిలు వాక్యం అలా చదివించారు. ఆ చెయ్యి అలా అలవాటుపడింది.) రోజూ ఆత్మకూరు బస్సులో నల్ల అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర పెన్సిలు చెవిలో దోపుకుని, మధ్యమధ్య కళ్ళు మూసుకుని ఆలోచించుకుంటూ వచ్చేవాణ్ణి.

ఒక సాయంత్రం మా చర్చి సంఘం పెద్దల్లో ఒకడైన డీకను అదే బస్సు ఎక్కాడు. మేము ఆయన్ను చాటున కొలతల మామ అనేవాళ్ళం, ఎందుకంటే ఎవరి ప్రార్థన ఎన్ని నిమిషాలో, ఎవరి జాకెట్టు చెయ్యి ఎంత పొడుగో ఆయన కంటికి తెలిసిపోయేది. నన్ను వెనకనుంచి చూసి పొంగిపోయి, పక్కసీట్లో ఉన్న చేజర్ల ఊరి పెద్దమనిషితో బస్సంతా వినేట్టు చెప్పాడు. "చూడండి అయ్యా, ఈ కాలం పిల్లోడు. మా సంఘం బిడ్డే. బస్సులో గూడా వాక్యం వదలడు. ఎట్టా తల వంచుకున్నాడో చూడండి." ఆ చేజర్ల ఆయన ఏ భాగం చదువుతున్నానో చూద్దామని నా భుజం మీదుగా వంగాడు. పేజీ నిండా విమానం ముక్కు, రెండు పక్కలా రెక్కలు. "ఇదేం వాక్యమయ్యా, ఫ్యాను ఉండాదే దీనికి" అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది. మామ తర్వాతి స్టాపులో దిగిపోయాడు, అది ఆయన దిగాల్సిన చోటు కాకపోయినా.

ఇదంతా నాకు పెద్ద విషయం అయ్యేది కాదు, కానీ ఆ శనివారమే మా బాప్తిస్మం విచారణ. మా సంఘంలో బాప్తిస్మం కావాలన్నవాళ్ళు ముందుగా పాస్టరు అయ్యగారి ముందు, డీకనుల ముందు నిలబడి విశ్వాసం చెప్పుకోవాలి. అందరూ ఒప్పుకుంటేనే ఆదివారం నీళ్ళలో దిగేది. పోయినేడు నేను భయంతో నోరు పెగలక, "వచ్చే ఏడు చూద్దాంలే అబ్బయా" అనిపించుకుని వచ్చాను. ఊళ్ళో పిల్లలందరికీ వాక్యం నేర్పి నీళ్ళదాకా పంపిన అమ్మ, సొంత కొడుకు విషయంలో ఏడాదంతా తల వంచుకుని నడిచింది. అది ఒక పక్కన ఉంచితే, నాకు నిజంగానే ఆ నీళ్ళలో దిగాలని ఉండేది. యేసుప్రభువును నేను నమ్మాను. ఆ మాట నలుగురిలో చెప్పాలని మనసు కొట్టుకుపోయేది.

శనివారం విచారణ బెంచీల దగ్గర నా వంతు ఇంకా రాకముందే మామ లేచాడు. చేతిలో నా పుస్తకం. (పొద్దున్నే ఇంటికి వచ్చి అమ్మనడిగి తీసుకుపోయాడు. అన్నిటికీ ఒకటే అట్ట కావడంతో ఆమె అది నా బైబిలనుకుని, "పెన్సిలు గూడా ఇమ్మంటారా అన్నా" అంది.)

"అయ్యగారూ, ఇదీ ఈ అబ్బయ్య చదివే బుక్కు. యుద్ధాలు, బాంబులు. దీనికి నల్ల అట్ట, ఎర్ర గీతలు. లోకాన్ని తెచ్చి వాక్యం బట్టలు తొడిగినాడు. ఈడికి ఇంకో ఏడాది టయిము ఇస్తే మంచిది."

పోయినేటి భయం మళ్ళీ వచ్చి పట్టుకుంది. అయ్యగారు పుస్తకం తిరగేసి, ఎర్ర గీతలు ఎక్కువగా ఉన్న పేజీ దగ్గర ఆపాడు.

"మనం చదవకుండానే తీర్పు చెప్పకూడదు మామా. అబ్బయా, దొరలు వచ్చినప్పుడు తర్జుమా చేస్తారు చూడు, అట్టా చెప్పు. ఒక మాట నేను ఇంగ్లీషులో చదువుతా, ఒక మాట నువ్వు తెలుగులో చెప్పు."

నేను లేచి నిలబడ్డాను. చర్చి కన్వెన్షన్ సభల్లో దొరల ప్రసంగాల తర్జుమా తప్ప ఇంకో తర్జుమా నేను పుట్టి ఎరగను. నోరు తెరిస్తే అదే తెలుగు వచ్చింది.

"పైలట్ తన ఆసనమునందు కూర్చుండి మొదట ఊరకుండవలెను" అన్నాను.

మా డీకనుల్లో అందరికన్నా పెద్దవాడైన తాతకు చెవులు మందం. మాట ఆగిందంటే ఆయనకు ఒకటే తెలుసు. "స్తోత్రం" అన్నాడు. అలవాటుకొద్దీ మిగతావాళ్ళూ "స్తోత్రం" అన్నారు.

"చమురు వేడి అగువరకు కనిపెట్టుకొని యుండవలెను. త్వరపడువాడు ఇంజనును పాడుచేయును."

"ఆమేన్" అన్నాడు తాత, ఇంకాస్త గట్టిగా. మామ కూడా పెదవులు కదిపి, చప్పున మూసుకున్నాడు.

ఆ పేజీ తర్వాత కథ వచ్చింది. మంచులో చిక్కుకున్న కొండ ఊరికి ఆ సరుకుల విమానంలో మందులు తీసుకుపోతుంటే, దారిలో ఒక ఇంజను ఆగిపోతుంది. బరువు తగ్గకపోతే ఎదురుగా ఉన్న కొండ దాటదు. లోపలివాళ్ళు పెట్టెలు పారేశారు, కుర్చీలు ఊడబీకి పారేశారు, చలికోట్లు పారేశారు. భయం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. బస్సులో ఒంటరిగా చదువుకున్న ఆనందం ఇప్పుడు నలుగురిలో గొంతెత్తి చెబుతున్నాను. "మరియు కొండ ఇంకను వారి ఎదుట నిలిచియుండెను" అని ఊపిరి పీల్చుకోవడానికి ఆగాను. ఈసారి తాత కూడా స్తోత్రం అనలేదు. ముందుకు వంగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"మందులు గూడా పారేసినారా ఏంది?" మామ గొంతు అది. ఆయన బెంచీ అంచు పట్టుకుని ఉన్నాడు.

"లేదు మామా. బూట్లు పారేసినారు."

"అందరివీ?"

"అందరివీ. కొండ దాటినారు. మంచులో వట్టి కాళ్ళతో దిగి మందులు మోసుకుపోయినారు."

మామ వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. నాకన్నా ముందు ఆయనే కుదుటపడ్డాడు.

అయ్యగారు పుస్తకం మూసి అడిగాడు. "సరే అబ్బయా. ఇంతకీ నీళ్ళలో ఎందుకు దిగాలనుకుంటున్నావు?"

పోయినేడు నేను చెప్పలేకపోయిన మాటలన్నీ అప్పుడు వరసగా వచ్చాయి. నేను ఏం నమ్మానో, ఎవరిని నమ్మానో, నా కోసం ప్రభువు ఏమేమి వదులుకుని వచ్చాడో చెప్పాను. అది తర్జుమా కాదు, నా సొంత తెలుగే. చెప్పి కూర్చున్నాక గానీ చెమట పట్టిన సంగతి తెలియలేదు. అయ్యగారు డీకనుల వైపు చూశాడు.

"నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు మామ అందరికన్నా ముందుగా. "కాకపోతే ఆ బుక్కుకు అట్ట మారిస్తే బాగుంటది. నా బోటోళ్ళు బస్సుల్లో తిరుగుతుంటారు గదా."

ఆదివారం, ఎండాకాలం కావడంతో నీళ్ళ ట్యాంకరు తెప్పించి చర్చి తొట్టి నింపారు. నీళ్ళలో మునిగి లేచినప్పుడు నాకు మొదట వినిపించింది పాట కాదు, గట్టున అమ్మ ముక్కు చీదిన చప్పుడు. ఏడాది తర్వాత ఆమె తలెత్తి నిలబడి ఉంది. నాకు నవ్వొచ్చింది, నోట్లోకి నీళ్ళు పోయాయి, పొలమారింది. తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మామ నా తలమీద రెండుసార్లు తట్టి, "నెమ్మదిరా, నెమ్మది" అన్నాడు.

ఇప్పుడు నేనూ ఆ డీకనుల బెంచీ మీదే కూర్చుంటున్నాను. వణుకుతూ వచ్చి నిలబడ్డ పిల్లలను చూస్తే, నేను మొదటి ప్రశ్నగా "ఈమధ్య ఏం చదువుతున్నావు నాయనా" అని అడుగుతాను. ఇదేం విచారణ అని పక్కవాళ్ళు నావైపు చూస్తారు. పిల్లవాడు మాత్రం మెల్లగా కళ్ళెత్తి చెప్పడం మొదలుపెడతాడు. వాడి గొంతు కుదురుకునేదాకా నేను అలాగే వింటూ కూర్చుంటాను, కొలతల మామ బెంచీ మీద కొలతలు లేని డీకనునైపోయానే అని లోలోపల నవ్వుకుంటూ.