పెద్దాయన చేతికి మార్కర్

పోయిన వారం ఆక్లాండ్ శివారు టకానిని నుంచి ఊళ్లోకి వెళ్లే రైల్లో ఉండగా మా స్కూలు నుంచి ఈమెయిల్ వచ్చింది. నోరు విప్పని విద్యార్థుల చేత మాట్లాడించడం ఎలాగో, కొత్తగా చేరిన టీచర్లకు నేను ఒక గంట చెప్పాలట. ఈ విద్యలో నా ప్రావీణ్యం ఎంతటిదంటే, ఏడేళ్ల కిందట సరిగ్గా ఇది రాకే నా ఉద్యోగం ఊడబోయింది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ముప్పై దాటిన మన స్టూడెంట్ వీసా బ్యాచ్‌కు గుర్తుండే ఉంటుంది, చదువయ్యాక దొరికిన మొదటి ఉద్యోగాన్ని ఎంత భయభక్తులతో చూసుకునేవాళ్లమో. నాది ఆక్లాండ్‌లో కొరియావాళ్లకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం. నంద్యాలలో పుట్టినదాన్ని, కివీల దేశంలో, కొరియావాళ్లకు ఇంగ్లీషు చెప్పడమేమిటని నేను తప్ప అందరూ ఆశ్చర్యపోయారు. ఆ భాష మా తాతదీ కాదు, వాళ్ల తాతదీ కాదు. కష్టపడి నేర్చుకున్నదాన్ని కనుక అది ఎక్కడ గుచ్చుకుంటుందో నాకే బాగా తెలుసని అప్పుడూ వాదించాను, ఇప్పుడూ వాదిస్తాను.

మూడు నెలల ట్రయల్‌లో నా క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, గోడ గడియారమే అందరికన్నా చురుకైన విద్యార్థి. ఉన్నది పదకొండు మంది. హోంవర్కులో వంక పెట్టడానికి ఉండదు, కాగితం ఇస్తే రెండు చేతులతో అందుకుంటారు, ప్రశ్న అడిగితే మాత్రం పదకొండు తలలూ బల్లల వైపు వాలిపోతాయి. ఫ్లాట్‌లో నాతో ఉండే వరంగల్ పిల్లకు ఈ గోడు చెప్పుకుంటే, "నీ మొహం జూసి భయపడ్తున్నరేమోనే, జర నవ్వుకుంట అడుగు" అంది. నవ్వుతూ అడిగాను. ఇంకా భయపడ్డారు.

అసలు సంగతి అందరికన్నా చిన్నదైన విద్యార్థిని చెప్పింది, ఒకరోజు విరామంలో, స్కూలు పక్కనున్న డెయిరీలో, అంటే ఇక్కడి చిల్లర కొట్లో, చిప్స్ కొనుక్కుంటూ. "జవాబు నాకు తెలుసు టీచర్. పెద్దాయన కన్నా ముందు నేను చెబితే, ఆయనకు రాదని అందరికీ చాటినట్టు కదా."

పెద్దాయన అంటే మొదటి వరసలో కూర్చునే యాభై ఎనిమిదేళ్ల విద్యార్థి. కొరియాలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి, ఇంగ్లీషు తప్ప మరో భాష రాని మనవరాలితో నాలుగు మాటలాడాలని కూతురి దగ్గరికి వచ్చినవాడు. ఆయన కన్నా ముందు ఎవరూ నోరు తెరవరు. ఆయన తెరవడు.

ఈ మర్యాద నాకు కొత్తదేమీ కాదు. మా ఇంట్లో తాతయ్య మొదటి ముద్ద కలిపేదాకా పదిహేను మందిమి విస్తళ్ల ముందు గౌరవంగా ఆకలితో చచ్చేవాళ్లం.

మా మేనేజరుకు ఈ సంగతి విడమరిచి చెబితే, ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అయితే ఆయన్ని బిగినర్స్ క్లాసుకు దించేద్దామంది. అంతమంది ముందు పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయే ఆయన నా కళ్లముందు మెదిలాడు. దించనన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నిర్ధారించుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. శుక్రవారం తనే వచ్చి క్లాసులో కూర్చుంటాననీ, వాళ్లు మాట్లాడకపోతే ఆయన కిందికి, నేను బయటికి అనీ ఆవిడ తేల్చింది. ఇంత కటువుగా ఏమీ అనలేదు లెండి, ఇక్కడ ఉద్యోగం పీకేటప్పుడు కూడా టీ ఇచ్చి మాట్లాడతారు. సారాంశం మాత్రం అదే, నా వీసా కూడా ఆ ఉద్యోగానికే వేలాడుతోంది.

శుక్రవారం నేను పాఠం చెప్పలేదు. మార్కర్ రెండు చేతులతో పెద్దాయనకు అందించి, ఇవాళ ప్రశ్నలు మీరే అడగాలని చెప్పి, ఆయన కుర్చీలో కూర్చున్నాను. పెద్దవాళ్ల కన్నా ముందు మాట్లాడకూడదు సరే, వాళ్లు అడిగితే బదులివ్వకుండా ఉండకూడదు కదా.

ఆయన మార్కర్ మూత తీసి, మళ్లీ పెట్టాడు. ఆ తర్వాత తనకు వచ్చిన ఇంగ్లీషులోంచి తనకు బాగా తెలిసిన ప్రశ్న తీశాడు: ఇల్లెక్కడ, బస్సు ఎన్ని గంటలకు? చిన్నమ్మాయి చటుక్కున లేచి చెప్పింది. ఆమె పక్కనున్న కుర్రాడు, తాను రోజూ బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోతున్నానని ఒప్పుకున్నాడు.

"నా బస్సులో అయితే లేపేవాణ్ని," అన్నాడు పెద్దాయన.

క్లాసు గొల్లుమంది. ఇక ఆగలేదు. ఒకరి మాట మీద ఒకరు పడిపోయారు. చివరికి ఆయన వెనక బల్ల దగ్గరికి వెళ్లి మేనేజరునూ అడిగాడు. ఆవిడ కంగారుగా, "కారు" అంది.

"పూర్తి వాక్యం, ప్లీజ్."

ఆవిడ లేచి నిలబడి మరీ పూర్తి వాక్యం చెప్పింది.

బయటికొచ్చాక ఇంతకీ పాఠం చెప్పింది ఎవరని నన్ను నిలదీసింది. మీరు ఆయన్ని కిందికి పంపమన్నారు, నేను ముందుకు పంపానన్నాను. ఉద్యోగం నిలిచింది. మొదటి వరసలో ఆయన కుర్చీ కూడా.

ఇప్పుడు మా క్లాసుల్లో ఎవరూ ఎవరి వయసూ అడగరు, అందరూ పేర్లతో పిలుచుకుంటారు, నా ప్రశ్న సగంలో ఉండగానే ఎవరో ఒకరు జవాబు విసిరేస్తారు. ఇది మంచిదే, దీనికోసం కొట్లాడినదాన్ని నేనే, పశ్చాత్తాపమూ లేదు. కాకపోతే ఆనాటి మౌనంలో పదిమంది కలిసి ఒక మనిషి పరువును మోసేవారు. ఇప్పుడు జవాబు తెలియనివాళ్లు ఆ తెలియకపోవడాన్ని ఒంటరిగానే మోసుకోవాలి.